మగ్గం గుంటలో సైలెన్సర్

“నవ్వినవ్.”

“నవ్వలే అక్కా. దగ్గిన.”

“దగ్గితె గన్ని పండ్లు కనవడ్తయా? ముప్పై రెండు లెక్కవెట్టిన నేను.”

“ముప్పై రెండు యాడియి అక్కా నాకు, ఇరవై ఆరే ఉన్నయ్. గా పొగకు దగ్గు రాదా మరి? అన్నం మాడిన వాసన. పొయ్యి మీద గిన్నె మర్శినవేమో అనుకున్న.”

“మా బండికెల్లి ఏ వాసనన్న రానియ్యి. నీకెందుకు?”

“నాకేం లేదక్కా. రేపే గద ఆడిబిడ్డ కొత్తింట్ల పాలు పొంగిచ్చేది. మీ బండి గిట్లాయె. మా బండ్ల రాండ్రి, ఎనుక సీటు ఖాళీగనే ఉంటది.”

“నీ బండెక్కుడు కంటె భువనగిరి దాక నడుస్త. నడిచి నీ కంటె ముందల పోత!”

మా రెండిండ్ల నడుమ ఛాతీ ఎత్తు గోడ ఒకటి ఉంది. దానికి అటొకరు ఇటొకరు నిలబడి ఆడుకున్న మాటలివి. అటువైపు మా యారాలు, అంటే మా మరిది భార్య (తోడికోడలు అని పుస్తకాల్లో రాస్తారు గానీ, మా దిక్కు యారాలు అంటేనే కోపం సరిగ్గా పలుకుతుంది). ఇటువైపు నేను. నా వెనకాల, వాకిట్లో, పొగ కక్కుతూ మా కారు.

ఆ రోజుల్లో అనగానే చదివేవాళ్లు నన్ను రెండు జడలతో ఊహించుకుంటారేమో. అంత దూరం పోనక్కరలేదు. నేను చెప్పే ఆ రోజులు తెలంగాణ వచ్చిన మూడో ఏటివి. అప్పటికి నాకు అరవై రెండు. ఇప్పుడు డెబ్బై దాటాను కనుక అరవై రెండంటే నాకు పడుచుతనమే. మెట్లు రెండేసి ఎక్కేదాన్ని. కోపం వస్తే గోడ మీదుగా చేయి చాచి చూపుడువేలు ఊపేదాన్ని (ఇప్పుడు ఆ వేలు లేపాలంటే రెండో చేయి సాయం పట్టాలి). చదువు మూడో తరగతిలోనే ఆగింది గానీ, ఈర్ష్యలో మాత్రం పై చదువులన్నీ చదివాను. ఇంట్లో ఒక్క అగ్గిపుల్ల వృథా కానిచ్చేదాన్ని కాదు. మా యారాలు మీది కుళ్లును మాత్రం లెక్కలేకుండా ఖర్చు చేసేదాన్ని.

మాది రామన్నపేట పక్క ఊరు. నేత నేసే ఇల్లు. మా ఇంటాయన, మా మరిది ఒకే అర్రలో పక్కపక్క మగ్గాల మీద పెరిగినవాళ్లు. తరువాత మరిది మగ్గం వదిలి భువనగిరిలో బట్టల దుకాణం పెట్టాడు. దుకాణం నడిచింది. నడిచి నడిచి ఒకనాడు తెల్ల కారై ఇంటికి వచ్చింది. అది వచ్చేది వచ్చినట్టు, పోయేది పోయినట్టు తెలిసేది కాదు. పిల్లి కూడా అంత మెల్లగా అడుగు వేయదు. కొన్న ఆరు నెలలకు కూడా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. ఒకసారి చిట్యాలలో పెండ్లికి నన్నూ ఎక్కించుకున్నారు. నేను ఒక కాలు ఎత్తి లోపల పెట్టబోతుండగా మా యారాలు మెత్తగా అన్నది: “అక్కా, జర చెప్పులు దులిపి ఎక్కు.”

నా చెప్పులు! పెండ్లికని పొద్దున్నే కడిగి, తుడిచి, ఎండలో పెట్టినవి. అయినా దులిపాను. చిట్యాల దాకా కాళ్లు కింద ఆనించకుండా, చంకన పిల్లను ఎత్తుకున్నట్టు నన్ను నేనే ఎత్తుకొని కూర్చున్నాను. ఆ పెండ్లిలో ఏం తిన్నానో గుర్తు లేదు. ఇంటికి రాగానే ఒట్టు పెట్టుకున్నాను, ఆ తెల్ల కారు మళ్లీ ఎక్కనని.

ఒట్టు పెట్టుకోవడం తేలికే. ఎక్కడానికి ఇంకో కారు కావాలి కదా. మా పెద్దోడు చిట్యాల పక్కన ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నెల రోజులు వాడు అన్నం తిన్నంతసేపూ నేను కారు ముచ్చటే తీశాను. “బైకు ఉన్నది గదమ్మా” అన్నాడు. “బైకు మీద మీ బాపు, నేను, నువ్వు, నీ పెండ్లాం ఎట్ల కూసుంటమురా, సర్కస్‌ల లెక్కనా?” అన్నాను. నెల తిరిగేసరికి వాడికి అన్నం సహించక కారు తెచ్చాడు. ముగ్గురి చేతులు మారి మా చేతికి వచ్చిన బండి. వంకాయ రంగు. ఒక తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. మిగతా మూడు సరిగ్గా మూసుకునేవి కావు. ఇక దాని గొంతు! పొద్దున వాడు డ్యూటీకి బయలుదేరితే కోళ్లు గంప కిందికి దూరేవి. నిజం చెప్పాలంటే మొదట్లో నాకది సంబరంగానే ఉండేది. వీధి వీధంతా పని ఆపి తలెత్తి చూసేది. మాకు కారుందని ఎవరికీ చెప్పే పనే లేకపోయింది.

కానీ గొంతు నానాటికీ పెరిగింది. చూస్తే కింద పొగ పోయే గొట్టం, సైలెన్సర్ అంటారే అది, తుప్పు పట్టి చేయి పట్టేంత బొక్క పడింది. మా ఇంటాయన యాభై ఏండ్లు మగ్గం నేసిన మనిషి. ఏది చినిగినా, ఏది వదులైనా ఆయనకు తోచే మందు ఒక్కటే, గంజి. నూలుకు గంజి పెట్టి ఎండబెడితే పోగు బిగుస్తుంది కనుక, ఇనుమైనా అంతేననుకున్నాడు. పాత ధోవతి చింపి, చిక్కటి గంజిలో ముంచి, ఆ బొక్క మీద ఏడు చుట్లు చుట్టి, రెండు దినాలు ఎండనిచ్చాడు. కుండలా గట్టిపడింది. వేలితో కొట్టి చూసి “సూడు, నీ మెకానిక్‌లు ఏం జేస్తరు గింతకంటె” అన్నాడు. నేనూ మెచ్చుకున్నాను (గంజి ఇంట్లోదే, ధోవతి పాతదే, మెచ్చుకోక ఏం చేస్తాను). మూడోనాడు పొద్దున బండి బయటికి తీశారు. బస్‌స్టాండ్ దాకా చప్పుడు లేదు. అక్కడి నుంచి గంజి వేగడం మొదలైంది. ముందు అట్టు వాసన, తరువాత మాడిన అట్టు వాసన, తరువాత పొగ. ఇల్లు చేరేసరికి నల్లటి పెచ్చులు రాల్చుకుంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే మా యారాలు గోడ దగ్గర నిలబడి దగ్గింది. లేదా నవ్వింది. దాని మీదనే పైన రాసిన కొట్లాట.

ఇక నా పరువంతా ఒక్క దినంలోకి వచ్చి పడింది. మరునాడు పొద్దున భువనగిరిలో ఆడబిడ్డ కొత్తింటి ముందు మా కారు దిగాలి. లేకుంటే చెప్పులు దులిపి తెల్ల కారు ఎక్కాలి. మూడో దారి, నడక (అన్నానే గానీ అంత దూరం నడిచే మోకాళ్లు నాకప్పటికే లేవు). పెద్దోడు చిట్యాలకు పోయి పాత సామాన్ల దుకాణంలో మంచిగున్న సైలెన్సర్ ఒకటి వెతికి తెచ్చాడు. మెకానిక్ సాయంత్రానికల్లా బిగించి ఇస్తానన్నాడట. ఫోన్‌లో ఆ మాట చెప్పి, బిగింపు కూలి ఎంతో చెప్పాడు. నేనే వద్దన్నాను.

“రెండు నట్లు ఇప్పి రెండు నట్లు బిగిచ్చెటానికి గంతనా? మగ్గం ఇప్పి మల్ల బిగిచ్చే ఇంట్ల పుట్టినవ్. తే ఇంటికి.”

“అమ్మా, బండి కిందికెల్లి పని జెయ్యాలె. ఆళ్లకు గుంట ఉంటది.”

“మనకు లేదా గుంట?”

మాకున్నది. మా దిక్కు మగ్గం నేలలో గుంట తవ్వి పెడతారు. నేసేవాళ్లు గుంట అంచున కూర్చొని, లోపలికి కాళ్లు జారవిడిచి పావుకోళ్లనే చెక్కలు తొక్కుతారు. మా అర్రలో రెండు గుంటలు. ఒకదాని మీద మా ఇంటాయన మగ్గం ఇంకా ఉంది. రెండోది మా మరిది వాళ్లది. మగ్గం తీసేశాక దాని మీద పలకలు కప్పాము. ఆ జాగా దుకాణానికి కిరాయికి ఇద్దామని నేను వీధి వైపు గోడ తీయించి షట్టర్ పెట్టించాను. ఎవరూ రాలేదు. చివరికి కారే కిరాయి లేకుండా అందులో దిగింది. అంటే దేవుడే మెకానిక్ షెడ్డు కట్టించి పెట్టినట్టు కదా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పలకలు తీశాము. మా ఇంటాయన మూరేసి గుంటను కొలిచాడు, చక్రాల నడుమ జాగాను కొలిచాడు. “మగ్గం కూసున్నట్టు కూసుంటది” అన్నాడు. పెద్దోడు బండిని వెనక్కి తెచ్చి, అచ్చంగా గుంట మీద ఆపాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ముగ్గురం సంతోషంగా చూశాము. తరువాత పెద్దోడు పానా చేతపట్టుకొని గుంటలోకి దిగుదామని వంగి, అలాగే ఉండిపోయాడు.

“బాపూ, లోపలికి ఎట్ల పోవాలె?”

బండి పొట్టకు, నేలకు నడుమ జానెడు సందు. గుంట మొత్తం బండి కిందే. మగ్గమైతే పక్క నుంచి కాళ్లు జారవిడిస్తే చాలు. కారుకు అలా కుదరదని మాలో ఎవరికీ తోచలేదు. మళ్లీ బండిని ముందుకు తోశాము. పెద్దోడు గుంటలో కూర్చున్నాక దాన్ని వాడి నెత్తి మీదికి మేమిద్దరం తోయాలి. వెనక చక్రాలు ఎక్కడ ఆగాలో అక్కడ ముందే ఇటుకలు పెట్టాము. తోస్తున్నంతసేపూ వాడు గుంటలోంచి “నిమ్మలం అమ్మా! నిమ్మలం బాపూ!” అని అరుస్తూనే ఉన్నాడు. ఆఖరికి బండి వాడి మీద కప్పుకుంది. కానీ ఆ గుంట కాళ్లకని తవ్వింది, ఫ్యాక్టరీ క్యాంటీన్ బువ్వ తిన్న కడుపుకని కాదు. వాడికి చేతులు లేవవు. ఎట్లనో సుత్తెతో కొట్టి కొట్టి పాత సైలెన్సర్‌ను ఊడదీశాడు. ఊడి వాడి పొట్ట మీదే పడింది. మసి, తుప్పు, మాడిన గంజి పెచ్చులు అన్నీ కలిసి. బయటికి తీస్తే కండ్లు తప్ప ఏమీ తెల్లగా లేవు.

కొత్తదాన్ని రబ్బరు రింగులకు వేలాడదీసేవరకు బాగానే జరిగింది. చిక్కంతా ముందటి గొట్టంతో అతికే దగ్గర వచ్చింది. అక్కడ రెండు నట్లు ఎక్కాలి. చేయి పట్టని సందు, చూపు పోని మూల. దుకాణం వాడు సైలెన్సర్‌తో పాటు కొత్త నట్లు ఇస్తానంటే వాటికీ నేను వద్దన్నాను. పాతవి ఉండగా కొత్తవెందుకని వాటినే కిరసనాయిల్లో నానబెట్టి, చింతపండుతో ఇత్తడి గిన్నెలు తోమినట్టు తోమి పెట్టాను. మిలమిలా మెరిశాయి. కానీ లోపలి మరలు సగం అరిగాయి. జర వంకరగా పెడితే పట్టుకోవు, జారి గుంటలో పడతాయి. పెద్దోడు పెడితే నాలుగుసార్లు పడ్డాయి. మా ఇంటాయనకు మోకాళ్లు మడవరాక దిగనే లేదు. నేనే చీర ఎగ్గట్టి దిగాను. దిగడమైతే దిగాను. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి, ఏది నట్టో ఏది నా గోరో తెలియలేదు. నావి ఆరుసార్లు పడ్డాయి. ఆరోసారి పడ్డాక ఏం తిట్టానో ఇక్కడ రాయను.

నన్ను బయటికి లాగాక మా ఇంటాయన గోడ వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు: “గీ పనికి సన్న చేతులు గావాలె. గా పిల్లను పిలుస్తనా?”

అరవైకి దగ్గరపడ్డ మా యారాలు ఆయనకు ఇంకా పిల్ల! నా ఒంటికి మంట పెట్టినట్టయింది. ఎందుకంటే ఆ చేతుల మాట నేను నలభై ఏండ్ల నుంచి వింటున్నదే. మగ్గం మీద పోగు తెగితే అతకాలి. ఆమె చూడకుండా, వేరే ఎవరితోనో మాట్లాడుతూనే, వేళ్ల కొనలతో అతికేది. అతుకు ఎక్కడుందో మళ్లీ ఆమెకే దొరికేది కాదు. నేను అతికితే ఊరందరికీ కనబడేది. “చిన్నదానికి దేవుడు చేతులు ఇచ్చిండు, పెద్దదానికి నోరు ఇచ్చిండు” అనేది మా అత్త, వచ్చినవాళ్లందరితో. అత్త పోయి ఇరవై ఏండ్లయింది. ఆ మాట మాత్రం మా అర్రలోనే తిరుగుతున్నట్టుండేది నాకు. తెల్ల కారు మీద నాకు కుళ్లు లేదని కాదు. కానీ అది కొత్త కుళ్లు. పాతది ఆ వేళ్ల మీద.

“పిలువకు” అన్నాను. “పోతే పోయింది, నేను రేపు ఇంట్లనే ఉంట.”

“పిలిచే పని లేదు బావా, పొద్దుగాలసంది గోడ ఎనుకనే ఉన్న” అంటూ షట్టర్ కింద తల వంచి ఆమే వచ్చింది. వచ్చి, బంగారు గాజులు తీసి నా చేతిలో పెట్టింది. “పట్టుకో అక్కా.” పట్టుకున్నాను. (బరువు చూడలేదని అబద్ధమాడను. చూశాను. నావాటికంటే ఎక్కువే.) చీర బిగించి గుంటలో దిగి కూర్చుంది. సరిగ్గా సరిపోయింది. సరిపోదా మరి, పెండ్లయి వచ్చినప్పటి నుంచి దుకాణం పెట్టేదాకా ఆమె నేసిన గుంట అదే.

“నా గుంట గట్లనే ఉన్నదక్కా. గీడ మడిమె ఆనిచ్చి ఆనిచ్చి తొర్ర వడ్డది, సూడు.”

“సూడలే. తొందరగ కానియ్యి.”

మేము బండిని ఆమె మీదికి తోశాము. పెద్దోడు టార్చ్ పట్టబోతే “అద్దుర బిడ్డా, కండ్లల్ల పడ్తాంది” అన్నది కింది నుంచి. చీకట్లోనే చేతులు పైకి పెట్టింది. నేను బండి పక్కన గాజులు పట్టుకొని కూర్చున్నాను. నోరు ఊరుకోలేదు.

“నా బండి కింద కూసుంటె దుమ్మంటది మల్ల. నీ బండెక్కాల్నంటె చెప్పులు దులుపాలె గద.”

కింద నట్టు ఇనుముకు గీసుకున్న చప్పుడైంది. తరువాత గొంతు వచ్చింది. “నన్ను సుత దులుపుమంటడక్కా మీ మరిది. మొన్న ఒళ్లెకెల్లి జరంత పల్లి పొట్టు సీటు మీద వడ్డదని చిట్యాల దాక మాట్లాడలే. నిన్ను ఆయన అంటడేమోనని నేనే ముందుగాల అన్న. మీరేమో బండి నిండ ఎక్కుతరు, కొట్లాడుకుంట పోతరు. ఏం తిన్న అడిగెటోడు లేడు. మీ చప్పుడు వచ్చినప్పుడల్ల నేను గోడ కాడికి ఎందుకొస్తననుకున్నవ్?”

“నవ్వెటానికి.”

“దగ్గెటానికి అక్కా” అన్నది. వెంటనే, “ఆఁ, పట్టింది. పోగు తీరుగనే ఉన్నది, జర లావు పోగు. పానా ఇయ్యిరి.”

రెండు నట్లూ ఎక్కాయి. బండిని జరిపి ఆమెను బయటికి తీశాక పెద్దోడు తాళం తిప్పాడు. మేమంతా చెవులు పెట్టి నిలబడ్డాము.

“స్టార్ట్ జెయ్యిరా” అన్నాడు మా ఇంటాయన.

“చేసిన బాపూ.”

నేను నమ్మక బానెట్ మీద చేయి పెట్టి చూశాను. వణుకుతోంది. సంతోషపడాల్సిన మనిషిని, నిలబడి మళ్లీ కుళ్లుకున్నాను: మా అబ్బాయి చేయలేనిది, మా ఆయన చేయలేనిది, నేను ఆరుసార్లు పడేసింది, ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ చేసింది. గాజులు తిరిగి ఇచ్చి, చేతులు కడుక్కొమ్మని సబ్బు ఇచ్చాను. కొత్త సబ్బును రెండుగా కోసి ఒక ముక్క. ఆమె ఆ ముక్కను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెళ్లిపోయింది.

ఆ వంకాయ రంగు బండి ఇప్పుడు లేదు. తూకానికి వేశాము. ఊడదీసిన పాత గొట్టాన్ని మాత్రం నేను వేయనివ్వలేదు. పెరట్లో చిక్కుడు పందిరికి గుంజగా పాతాను, ఇప్పటికీ తీగ దాన్ని పట్టుకొనే ఎక్కుతుంది. కాయలు గోడకు అటువైపు వేలాడితే మా యారాలు తెంపుకుంటుంది, నేను లెక్కపెట్టను (పెడతాను గానీ అడగను). అక్కడ నిలబడినప్పుడల్లా ఆ అరవై రెండేండ్ల పడుచుదాన్ని, చీర ఎగ్గట్టి గుంటలో దిగి నట్లను తిట్టినదాన్ని తలుచుకుంటే జాలీ వస్తుంది, నవ్వూ వస్తుంది. అంత కుళ్లును మోయడానికి ఎంత బలం ఉండేదో ఒంట్లో!

ఇక మరునాటి పొద్దున జరిగింది ఇది. మేము బండిలో సర్దుకున్నాము. ముందు మా ఇంటాయన, పెద్దోడు. వెనక కోడలు, నేను. మా మరిది ముందే తన కారులో ఒక్కడే వెళ్లిపోయాడు. మా యారాలు తాళం వేసి, గేటు దాటి వచ్చి, మా బండి పక్కన నిలబడింది. “జర జరుగు అక్కా” అన్నది. ఒడిలో పల్లీల పొట్లం. ఒక కాలు ఎత్తి లోపల పెట్టబోయింది.

“చెల్లె” అన్నాను నేను, “జర చెప్పులు దులిపి ఎక్కు.”

ఆమె నా ముఖంలోకి చూసింది. వంగి ఒక చెప్పు దులిపింది, రెండోదీ దులిపింది. ఎక్కి నా పక్కన కూర్చుంది. బండి కదిలింది. వీధిలో బియ్యం చెరిగేవాళ్లు చెరుగుతూనే ఉన్నారు, పండ్లు తోముకునేవాళ్లు తోముకుంటూనే ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు తలెత్తి చూడలేదు. మలుపు దాకా ఓపిక పట్టాను.

“బిడ్డా, జర హారన్ కొట్టు” అన్నాను.

వాడు కొట్టాడు. మా యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గింది. నేనూ దగ్గాను.